తరవాణి కుండయు, బీరు గ్లాసును

పుఱ్ఱెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని మన పెద్దలు చెప్పుదురు. ఆవకాయ విషయమున ఈ మాట యెంత నిజమో మనకందరకును తెలిసినదే. ఒక యింటి జాడీ మరియొక యింటివారి నాలుకకు ఎక్కదు. ఉప్పు చాలలేదని యొకరు, ఆవఘాటు ఎక్కువైనదని యొకరు పేర్లు పెట్టుచుందురు. దూరదేశములందు బీరును గూర్చి జనులు ఇట్లే వాదులాడుకొందురట. కుటుంబ స్త్రీలు చదువుకొను పత్రికలో బీరు ప్రసంగమేలయని సోదరీమణులు కొందరు నొసలు చిట్లింపవచ్చును. కొంచెము ఓపిక పట్టి కడవరకు చదువుడని మా ప్రార్థన. ఈ ప్రసంగము బీరుతో మొదలైనను, ఇది చేరవలసిన చోటు మన వంటయింటి మూల కుదురుపై నుండెడి మట్టికుండయే.

గత వేసవిలో మేము తెనాలిలో ఎనుబది యేండ్లు దాటిన యొక పెద్దమ్మగారి యింట రెండు దినములుంటిమి. ఊరి నడుమ కాలువలు పారు ఆ పట్టణములో ఆమె కాపురమునకు వచ్చిననాటి పెంకుటిల్లు అది. వంటయింటి ఈశాన్యమూలను తరవాణి కుండ యున్నది. ప్రతి శుక్రవారమును ఆమె ఆ కుండను బయట తుడిచి, పసుపు పూసి, కుంకుమ పెట్టును. తమ అత్తగారు దానిని లక్ష్మి యని పిలిచెడివారట. అన్నము వార్చిన గంజి ఏనాడును నేలపాలు కాకూడదని ఆ యింటి నియమము. ఆ నియమమునకు ఇప్పుడు గండము వచ్చినది. ఇల్లు అమ్మకమునకు పెట్టినారు. దసరా వెళ్ళినపిమ్మట ఆమె హైదరాబాదులోని కుమారుని యింటికి పోవలెను. ఏడవ అంతస్తులోని ఆ యింటికి కుండ రాదని కుమారుడు మెల్లగా చెప్పియుండెను. ఆమె ఔననలేదు, కాదనలేదు.

మేమున్న దినములలోనే మనుమరాలు వచ్చినది. ఆ పిల్ల జర్మనీ దేశమునందలి లైప్‌జిగ్ నగరములో రెండేండ్లు చదువుకొని వచ్చినది. ఉదయమున నాయనమ్మగారు తరవాణి ఒక గ్లాసులో వంచి యిచ్చిరి. పిల్ల ఒక గుక్క త్రాగి, ఆగి, మరల ఒక గుక్క త్రాగి, ఇట్లనినది.

"నాయనమ్మా, అచ్చం ఇలాంటి పులుపే నేను లైప్‌జిగ్‌లో చూశాను. దాన్ని గోజె అంటారు. అందులోనూ ఉప్పు వేస్తారు, ధనియాలు వేస్తారు."

"ధనియాలా? చారా ఏమిటే అది?"

"కాదు నాయనమ్మా, బీరు."

పెద్దమ్మగారు చేతిలోని గరిటెను మూతపై పెట్టిరి. "మడి కట్టుకుని గంజి పోసిన కుండమ్మా ఇది. తీసుకెళ్ళి కల్లుపాకలో పెట్టావా?" యనిరి. ఆ కంఠములో కోపముకంటె బాధయే మాకు ఎక్కువగా వినిపించినది. పిల్ల కన్నులు చెమర్చినవి. వారిద్దరినడుమ కూర్చుండిన మాకు, ఎవరి మాటయందు ఎంత నిజమున్నదో తెలిసికొనవలెనని బుద్ధి పుట్టినది.

ముందుగా మనుమరాలి మాట విందము. బీరనగా ఒక్కటే రుచియని మనమనుకొందుము. అది పొరపాటు. యవలను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, మనము రాగిమాల్టు చేసికొనునట్లే మాల్టు చేయుదురు. దానిని మరపట్టి, వేడినీళ్ళలో నానబెట్టి, తీపి నీరు దిగిన పిమ్మట, హాప్స్ అను తీగ పూలు వేసి కాచుదురు. చల్లారిన పిదప ఈస్టు వేసి పులియబెట్టుదురు. ఈ క్రమములో ఒక్కొక్కచోట చేయి తిప్పుటనుబట్టి రుచి మారును. మాల్టును నల్లగా వేయించిన యెడల కాఫీ చేదు గల స్టౌట్ అగును. గోధుమలు కలిపి, తగిన ఈస్టు వేసినచో అరటిపండు, లవంగము వాసనలు పుట్టును. 1842లో పిల్సెన్ నగరములో పుట్టిన బీరు బంగారు వన్నెతో, తేటగా, చిరుచేదుగా నుండును. హాప్స్ పూలు దండిగా వేసినది మిక్కిలి చేదు. తెల్లవారు మన దేశమునకు ఓడలలో తెప్పించుకొనిన బీరు ఈ తీరుదే. బ్రస్సెల్సు ప్రాంతమున కాచిన రసమును వెడల్పాటి తొట్లలో రాత్రియంతయు తెరచియుంచి, గాలిలోని సూక్ష్మజీవులే దానిని పులియజేయునట్లు విడిచి, పిదప కొయ్యపీపాలలో ఏండ్లకొలది ఉంచుదురు. ఇప్పుడు హైదరాబాదు, బెంగుళూరులలో గూడ చిన్న చిన్న కార్ఖానాలు వచ్చి, ఎక్కడికక్కడ ఇట్టి రకములు కాచుచున్నవి. పడుచువారు మాకు చేదు ఇష్టమనియు, మాకు పులుపు ఇష్టమనియు పందెములు వేసికొనుచున్నారట.

ఇక పెద్దమ్మగారి మాట. పులియుట రెండు విధములు. ఈస్టు చక్కెరను తిని మద్యమును, బొగ్గుపులుసు వాయువును పుట్టించును. పాలను పెరుగు చేయు జాతి సూక్ష్మజీవులు చక్కెరను తిని పులుపును పుట్టించును. ఈ రెండవ సంగతిని పాశ్చర్ పండితుడు 1857లో లోకమునకు వెల్లడించెను. మన తరవాణిలో ముఖ్యముగా పనిచేయునది ఈ రెండవ జాతి. గంజిలో చక్కెర స్వల్పము గనుక మత్తు గలిగించునంత మద్యము అందు పుట్టదు. లైప్‌జిగ్ గోజెలోనో, రెండు జాతులును పనిచేయును. పులుపునకు పులుపు, మత్తునకు మత్తు. కావున నాలుక చెప్పినదియు నిజమే, నాయనమ్మగారు చెప్పినదియు నిజమే. పులుపు ఒక్కటే, పానీయములు మాత్రము వేఱు. ఆయుర్వేదము ఈ బియ్యపు పులుపు నీటినే కాంజికమనియు, ధాన్యామ్లమనియు పిలిచి ఔషధములలో వాడినది. ఈ మాట చెప్పగా పెద్దమ్మగారి ముఖము కొంత తేటపడినది.

మరునాడు మేము రేపల్లె బండి యెక్కితిమి. అక్కడి మా స్నేహితురాలి అత్తగారు తెనాలి తరవాణి సంగతి విని పకపక నవ్విరి. "దబ్బాకు వేసి మూడోనాడే తాగేస్తే అది తరవాణి ఎట్లా అవుతుందమ్మా, నిమ్మకాయ నీళ్ళు గానీ!" యనిరి. వారి యింట అయిదవనాటి పులుపు గాని పనికిరాదు. వాము, దంచిన అల్లము వేయవలెను. రాత్రి ఆ పులుపు నీళ్ళలో అన్నము వేసి, తెల్లవారినపిమ్మట పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకొని తినవలెను. లంక చేలకు పోవు మనుష్యులు మిట్టమధ్యాహ్నము వరకు దానితోనే నిలిచెడివారని చెప్పిరి. తెనాలి పెద్దమ్మగారికి ఉల్లిపాయ మాట చెప్పినచో ఏమనెడివారోయని మేము లోలోపల నవ్వుకొంటిమి. ఇరువది మైళ్ళ దూరములో ఒక్క పానీయమునకు రెండు మతములు!

ఆ యింట కుండ మాత్రము లేదు. ఎందుకు లేదని యడిగితిమి. కోడలు కుక్కరు వైపు చూపినది. ఆమె మాటలో తప్పు పట్టుటకేమియు లేదు. తెల్లవారి బడికి, కచేరీకి పోవువారికి పది నిమిషములలో అన్నము కావలెను. అయితే కుక్కరులో నీరు ఇగిరిపోవును, గంజి రాదు. గంజి లేనిది కుండకు మేత లేదు. మన తరవాణిని ఎవ్వరును పనిగట్టుకొని తరిమివేయలేదు. అన్నము వార్చుట మానివేసినాము, అది తానే వెళ్ళిపోయినది. అంతకుముందే చద్దన్నపు వేళను కాఫీ ఆక్రమించియుండెను. పిమ్మట ఐసుపెట్టె వచ్చి, అన్నము పులియుట అనగా చెడిపోవుటయేయని మనకు నేర్పినది.

రేపల్లెనుండి బాపట్లకు పోతిమి. ఒకప్పుడు గుంటూరు జిల్లాలోనుండి, 2022 ఏప్రిల్‌లో తానే యొక జిల్లాకు ముఖ్యపట్టణమైన యూరు ఇది. 1913లో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది ఇచ్చటనే. 1945లో వెలసిన వ్యవసాయ కళాశాల యిచ్చట నున్నది. ఇచ్చటి శాస్త్రజ్ఞులు రూపొందించి 1986లో విడుదల చేసిన సాంబమసూరి బియ్యము, బి.పి.టి. 5204 అను పేరుతో, నేడు తెలుగునాట ఎన్ని యిండ్లలో ఉడుకుచున్నదో చెప్పలేము. ఒక వృద్ధ గృహిణి మాత్రము మాతో ఇట్లనిరి. "సన్నబియ్యం తినడానికి బాగానే ఉన్నాయి. మా చిన్నప్పటి దంపుడు బియ్యం గంజి మాత్రం వేలికి అంటుకునేది. ఆ పులుపులో ఒక కమ్మదనం ఉండేది." ఇది ఆమె నాలుక తీర్పు. శాస్త్రజ్ఞుల నడిగి నిర్ణయించిన మాట కాదు. కాని రుచి విషయమున నాలుకకంటె పెద్ద న్యాయస్థానము ఎక్కడ నున్నది?

సూర్యలంక సముద్రతీరమునకు పోవు త్రోవలో తాళ్ళ తోపున ఒక కల్లుగీత కుటుంబమును చూచితిమి. తెల్లవారుజామున చెట్టునుండి దింపిన నీరు తియ్యన. అదియే నీరా. లొట్టి లోపల సున్నము పూసి కట్టినచో పులియుట ఆగి, ఆ తీపి నిలుచును. సున్నము లేని లొట్టిలో నీరు చెట్టుమీదనే పులియ నారంభించును. ప్రొద్దెక్కినకొలది తీపి తగ్గి నురుగు పెరుగును, సాయంకాలమునకు ఘాటు పుట్టును, ఇంకను ఉంచినచో పులుపెక్కి తుదకు సిర్కా యగును. ఎవరికి ఏ వేళది ఇష్టమో ఆ యింటి యిల్లాలికి కంఠతా వచ్చును. ఆమెకు మాత్రము తెల్లవారుజాము నీరాయే ప్రీతి. "మా ఆయన చెట్టెక్కి దింపుతాడు గానీ తాగడమ్మా. తాగినోడు చెట్టెక్కకూడదు" అని ఆమె యనినది. మత్తు పానీయమును తానే తయారుచేయు నింటిలోగూడ ఒక హద్దు ఉండుట మేము గమనించితిమి.

హద్దు లేని త్రాగుడు మన స్త్రీలకు తెచ్చిన దుఃఖమును ఈ రుచుల ప్రసంగములో మరచుట తగదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మగారు మొదలైన స్త్రీలు సారాయి దుకాణమును మూయించిరి. ఆ మంట జిల్లాలు దాటినది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలిపోయినది. కావున బీరులో ఎన్ని రుచులున్నవో తెలిసికొనుట వేఱు, దానిని ఇంటికి పిలుచుట వేఱు. గోజె రుచిని మెచ్చుకొనిన ఆ మనుమరాలు గూడ నాయనమ్మ యడిగినపుడు, "అవును, అది మద్యమే" అని దాచక చెప్పినది. అందులకు ఆ పిల్లను మేము మెచ్చుకొంటిమి.

అయినను బీరు చరిత్రలో మనము నేర్చుకొనవలసినది యొకటి కలదు. మొదట అది స్త్రీల కుండయే. సుమేరు దేశములో సుమారు 3,800 ఏండ్లనాటి మట్టిపలకలపై బీరు కాచు విధమును వర్ణించు స్తోత్రము వ్రాయబడియున్నది. అది నింకాసి యను దేవతపై చెప్పినది. ఇంగ్లాండులో 14వ శతాబ్దము వరకును ఇంటిలో బీరు కాచుట, మిగిలినది ఇరుగుపొరుగులకు అమ్ముట చాలవరకు స్త్రీల పనియే. హాప్స్ పూలు పానీయమును చెడిపోకుండ కాపాడునని 12వ శతాబ్దములో వ్రాసిపెట్టినది జర్మనీ సన్యాసిని హిల్డెగార్డ్. పిమ్మట పెద్ద కాగులు, పెట్టుబడులు, సంఘములు వచ్చినవి, పని పురుషుల చేతికి పోయినది. 1883లో కోపెన్‌హేగనులో హాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు ఒకే జాతి ఈస్టును వేఱుచేసి పెంచు ఉపాయము కనిపెట్టెను. దానితో బీరు చెడిపోవుట తగ్గినది. ఏ బుడ్డి విప్పినను ఒకే రుచి వచ్చుటకు త్రోవ యేర్పడినది. లాభము గొప్పదే. కాని ఊరికొక రుచి, ఇంటికొక రుచి పలుచబడినవి.

గోజె కథ దీనికి దృష్టాంతము. శతాబ్దములపాటు లైప్‌జిగ్ ప్రజలు ప్రీతితో త్రాగిన ఆ ఉప్పు పులుపుల బీరును కాచువారు తగ్గి తగ్గి, 1966లో తుది బట్టీయు ఆరిపోయెను. ఇరువదియేండ్ల పిమ్మట ఒక పాత పానశాలను తిరిగి తెరచిన మనుష్యుడు దానిని మరల కాచింపవలెననుకొనెను. అతడు పూర్వము గోజె త్రాగినవారిని వెదకి, దాని రుచి యెట్లుండెడిదని యడిగెను. వారి నాలుకల జ్ఞాపకముతో, 1980 దశకములో ఆ బీరు మరల పుట్టినది. నేడు దేశదేశముల చిన్న కార్ఖానాలవారు దానిని కాచుచున్నారు. ఇంకొక ఇరువదియేండ్లు ఆలస్యమైయుండిన, ఆ రుచిని చూచి ఔననియో, కాదనియో చెప్పువారు ఎవరుందురు?

మన తరవాణి ఇప్పుడు సరిగా ఆ స్థితిలోనే యున్నది. త్రాగిన నాలుకలింకను ఉన్నవి. కావున తెనాలి పెద్దమ్మగారు చెప్పిన విధమును ఇక్కడ వ్రాయుచున్నాము.

క్రొత్త మట్టికుండను మూడు దినములు నీళ్ళు మార్చుచు నానబెట్టి, కడిగి, ఎండబెట్టవలెను. బియ్యమునకు అయిదింతలు నీళ్ళు పోసి అన్నము వండి, సుమారు ఒక లీటరు గంజి వార్చుకొనవలెను. గంజి గోరువెచ్చగా చల్లారినపిమ్మట కుండలో పోసి, చెంచాడు ఉప్పు, నడిమి ఈనె తీసిన రెండు దబ్బాకులు వేసి, పలుచని గుడ్డ వాసెన కట్టి, నీడను ఉంచవలెను. ప్రతిదినము పొడిగరిటెతో ఒకసారి కలిపి, ఆనాటి గంజిని కొంచెము చేర్చుచుండవలెను. వేసవిలో మూడవనాటికి, చలికాలమున అయిదారు దినములకు పులుపు పట్టును. మొదటిది తయారైన పిమ్మట సగము వాడుకొని, సగమును తోడుగా కుండలోనే ఉంచి, క్రొత్త గంజి పోయుచుండవలెను. వారమునకొకసారి కుండ ఖాళీచేసి వేడినీళ్ళతో కడుగవలెను. రంగుబూజు పట్టినను, జిగురు సాగినను, వాసన మురిగినట్లున్నను మొగమాటపడక పారబోయవలెను. పసిబిడ్డలకును, రోగులకును వైద్యుని సలహా లేక ఇయ్యరాదు. కుక్కరు గల యిల్లాండ్రు దినమునకొకసారియైన వార్చనక్కరలేదు. వారమునకు రెండుసార్లు వార్చినను కుండ బ్రతుకును.

మా రుచి చెప్పవలెనా? తెనాలి దబ్బాకును, రేపల్లె అల్లమును కలిపి, నాలుగవనాడు త్రాగుట మాకిష్టము. ఈ మాట రెండూళ్ళవారికిని నచ్చదని యెఱుగుదుము.

మేము తెనాలికి తిరిగివచ్చునప్పటికి నాయనమ్మయు మనుమరాలును వంటయింట కూర్చుండియున్నారు. పిల్ల ఒక పుస్తకములో వ్రాసికొనుచుండెను. "ఎంత ఉప్పు నాయనమ్మా?" యని యడుగగా, ఆమె తన అరచేయి గుంటగా పట్టి చూపినది. పిల్ల ఆ గుంటలో ఉప్పు పోసి, తిరిగి చెంచాతో కొలిచి వ్రాసికొన్నది. బయలుదేరునాడు మూతగట్టి స్టీలు డబ్బాలో సోలెడు తోడు పోసికొని, హైదరాబాదు బండియెక్కినది.

దసరా వెళ్ళిన నెలకు ఆ పిల్ల మాకు ఉత్తరము వ్రాసినది. తోడు పోసిన మొదటి రెండు మారులును చెడిపోయి పారబోసినదట. మూడవమారు పట్టినది. కుండకు బదులు జాడీ, వంటయింటి మూలకు బదులు వరండా. ఇల్లు విడిచి వచ్చిననాటినుండి ఏమియు సయింపని నాయనమ్మ ఒక గుక్క త్రాగి, చాలసేపు ఊరకుండి, "ఉప్పు ఎక్కువేశావు" అనినదట. పిమ్మట గ్లాసు మరల చాచినదట.

మీ యింట తరవాణి రుచి యెఱిగిన పెద్దలున్నచో, ఈ వారమే వారి ప్రక్కను కూర్చుండి యడుగుడు. ఎన్నవనాటి పులుపు, ఏ ఆకు, ఎంత ఉప్పు అని వ్రాసికొనుడు. వారు చెప్పు కొలత చెంచాలలో ఉండదు, అరచేతిలో ఉండును. ఆ చేయి ఉన్నపుడే కొలిచికొనవలెను.